కిటికీ లోపలి పక్కలకు, సిల్‌కు ఏ చెక్క వాడాలి?

కిటికీ చట్రాన్ని గోడ బయటి అంచుకు దగ్గరగా బిగించినప్పుడు, చట్రానికీ గది లోపలి గోడకూ మధ్య గోడ మందం కొంత ఖాళీగా మిగులుతుంది. రెండు పక్కలా, పైన, కింద ఉండే ఈ నాలుగు ముఖాలకు చెక్క తొడుగు వేయించాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న టేకు మంచిదా, ఓక్ మంచిదా, ప్లైవుడ్‌తో సరిపెట్టుకోవచ్చా అన్నదే. అయితే చెక్క పేరు దగ్గరకు వెళ్లేముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ నాలుగు పలకలూ ఒకే పని చేయవు. కింది పలక, అంటే సిల్, ఎండనూ నీటినీ బరువునూ రాపిడినీ భరించాలి. పక్క పలకలకు ఎండ తగులుతుంది గానీ నీరు చాలా తక్కువగా చేరుతుంది. పై పలకకు ఈ రెండింటిలో ఏదీ పెద్దగా తగలదు. అందువల్ల నాలుగింటికీ ఒకే చెక్క ఉండాలన్న పట్టు వదిలిపెడితే ఎంపిక సగం సులువవుతుంది. మంచి చెక్క కోసం పెట్టే డబ్బు కూడా అవసరమైన చోటికే చేరుతుంది.

నా దృష్టిలో ఈ ఎంపికను నిర్ణయించేవి రెండే: ఆ పలకకు నీరు ఏ దారిన వస్తుంది, ఆ పలక వెడల్పు ఎంత. రంగు, నార అందం, గట్టిదనం ఆ తరువాతి మాటలు.

నీరు వచ్చే దారులు

సిల్ పాడైందంటే చాలామంది వాన జల్లును నిందిస్తారు. తెరిచి ఉంచిన కిటికీలోంచి జల్లు పడడం నిజమే గానీ, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి వెంటనే తుడుస్తాము. ఎక్కువ హాని చేసేది కనిపించకుండా వచ్చే నీరు. గదిలో ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు, సుమారు 9 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలం మీదైనా నీటి బిందువులు పడతాయి. చలికాలపు రాత్రి ఒంటి అద్దం ఉన్న కిటికీ కింది అంచు సులభంగా ఆ ఉష్ణోగ్రతకు దిగుతుంది. అద్దం మీద పట్టిన చెమ్మ మెల్లగా జారి చట్రం, సిల్ కలిసే మూలలో నిలుస్తుంది. వంటగదిలోనూ స్నానాల గదిలోనూ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఇది మరింత తరచుగా జరుగుతుంది. రెండు పొరల అద్దం, లోపలి వైపు వెచ్చగా ఉండే చట్రం ఉన్న కిటికీలలో ఈ బాధ చాలా తగ్గుతుంది.

రెండో దారి గోడ. పలక వెనుక వైపు, మరీ ముఖ్యంగా అడ్డంగా కోసిన చివరలు గోడకు ఆనుకుని ఉంటే, గోడలోని చెమ్మ నేరుగా చెక్కలోకి ఎక్కుతుంది. చెక్క తన నార పొడవునా నీటిని పీల్చే వేగం, నారకు అడ్డంగా పీల్చే వేగం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైముఖానికి ఎంత మంచి పాలిష్ వేసినా, పూత లేని కోత చివర ఒకటి తడి సిమెంటుకు తగిలిందంటే ఆ పాలిష్ వృథాయే. కొత్తగా పూసిన గోడ ఆరడానికి మిల్లీమీటరు మందానికి సుమారు ఒక రోజు చొప్పున పడుతుందని పనివాళ్లలో ఒక లెక్క ఉంది. అది ఉజ్జాయింపు లెక్కే అయినా దాన్ని పాటించడం మంచిది. గోడ ఆరకముందే బిగించిన తొడుగులు తరువాతి పొడి కాలంలో అతుకుల దగ్గర విచ్చుకోవడం చాలా సాధారణం.

పూలకుండీల సంగతి వేరుగా చెప్పాలి. సిల్ మీద మొక్కలు పెట్టే అలవాటు ఉన్న ఇంట్లో ఆ పలక ఎప్పుడూ ఒకచోట తడిగా ఉంటుందని ముందే అనుకుని చెక్క ఎంచుకోవాలి. కింద పళ్లెం పెట్టినా, పళ్లేనికీ చెక్కకూ మధ్య చెమ్మ చిక్కుకుని నల్లటి వలయం పడుతుంది.

వెడల్పు ఎందుకు ముఖ్యం

చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 65 శాతం ఉంటే చెక్కలోని తేమ దాదాపు 12 శాతం వద్ద నిలకడ పడుతుంది. గాలిలో తేమ 40 శాతానికి పడిపోతే చెక్కలోని తేమ సుమారు 8 శాతానికి దిగుతుంది. ఈ నాలుగు శాతం తేడా పొడవు మీద దాదాపు కనిపించదు గానీ వెడల్పు మీద బాగా కనిపిస్తుంది, అదీ చెక్క జాతిని బట్టి, రంపం కోత తీరును బట్టి చాలా మారుతుంది.

250 మిల్లీమీటర్ల వెడల్పున్న సిల్‌ను తీసుకుందాం. దుంగ వలయాలకు స్పర్శరేఖగా, అంటే వలయాలు పలక ముఖానికి దాదాపు సమాంతరంగా ఉండేలా కోసిన బీచ్ చెట్టు పలక అయితే ఆ నాలుగు శాతం తేడాకు దాదాపు 4 మిల్లీమీటర్లు కదులుతుంది. అదే కోతలో టేకు 2 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. వలయాలు పలక మందంలో నిటారుగా కనిపించేలా కోసిన టేకు అయితే సుమారు ఒక మిల్లీమీటరే కదులుతుంది. నిజమైన మహాగని కూడా తక్కువగా కదిలే చెక్కే. ప్లైవుడ్‌లో పొరల నార ఒకదానికొకటి అడ్డంగా ఉంటుంది కాబట్టి అదే వెడల్పులో దాని కదలిక అర మిల్లీమీటరు కూడా దాటదు.

దీని అర్థం ఏమిటంటే, 100 మిల్లీమీటర్ల లోతున్న (చట్రం నుంచి లోపలి గోడ అంచు వరకు ఉన్న దూరమే ఈ లోతు) కిటికీకి దాదాపు ఏ చెక్కయినా పనికొస్తుంది. 300 మిల్లీమీటర్ల లోతున్న మందపాటి గోడకు అదే చెక్క ఒకే పలకగా వేస్తే వంగిపోవచ్చు. ముందు టేపు తీసి కిటికీ లోతును మూడు చోట్ల కొలవండి, ఆ తరువాతే చెక్క దుకాణానికి వెళ్లండి.

సాలిడ్ చెక్క

టేకు పేరు ఊరికే రాలేదు. దానిలోని సహజమైన నూనె, తక్కువ కదలిక, చేవకు, అంటే దుంగ లోపలి ముదురు భాగానికి, చెదను తట్టుకునే గుణం కలిసి సిల్‌కు చక్కగా సరిపోతాయి. కానీ ఈ గుణాలన్నీ చేవవే. తెల్లగా ఉండే బయటి భాగానికి ఆ బలం లేదు. తక్కువ వయసులో కొట్టిన తోటల టేకులో తెల్ల భాగం ఎక్కువగా ఉంటుంది, కాబట్టి పలకను నాలుగు వైపులా తిప్పి చూసి, తెల్ల చార ఉన్న అంచు గోడ వైపు పోతుందో లేదో అడిగి మరీ తీసుకోవాలి. వడ్రంగులు తెల్ల భాగాన్ని కనిపించకుండా వెనక్కి తిప్పడం మామూలే. అయితే చెమ్మ వచ్చేది వెనుక నుంచే కాబట్టి అది సరైన చోటు కాదు. టేకులోని నూనె అతుకు జిగురును, పాలిష్‌ను పట్టనివ్వదు. అందుకే అతికించే ముఖాన్ని సరిగ్గా జిగురు రాయబోయే ముందు అసిటోన్‌తో తుడవాలి.

ఓక్ గట్టిది, నార అందమైనది, వైట్ ఓక్ చేవకు మన్నిక కూడా ఉంది. దాని లోపం టానిన్ అనే వగరు పదార్థం. మామూలు ఇనుప మేకుకు చెమ్మ తోడైతే మేకు చుట్టూ నీలం కలిసిన నల్ల మరక పాకుతుంది. ఇనుప పీచుతో సిల్‌ను తోమినా, ఆ పీచు ముక్క ఒకటి నారలో ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. ఓక్ ఎంచుకుంటే స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. ఇందులో రాజీ పడకూడదు.

బీచ్ చూడడానికి శుభ్రంగా, చేతికి నున్నగా ఉంటుంది, గట్టిది కూడా. కానీ పైన చెప్పిన కదలిక దానిదే. పైగా తేమలో పుచ్చడానికి దానికి ఎక్కువ కాలం పట్టదు. పొడి గదిలో, తక్కువ లోతున్న కిటికీకి, అదీ పక్క పలకలకు మాత్రమే దాన్ని సూచిస్తాను. తడి తగిలే సిల్‌కు ఎంత చవకగా దొరికినా వద్దు.

పైన్ గురించి రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ నిజమే. అది తేలికగా పని చేయించుకుంటుంది, రంగు వేయడానికి బాగుంటుంది. అయితే మెత్తనిది. చెక్క గట్టిదనాన్ని కొలిచే జాంకా పరీక్షలో ఉక్కు గోళీని సగం లోతుకు దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. వైట్ ఓక్‌కు 1,360 పౌండ్ల బలం కావాలి, ఈస్టర్న్ వైట్ పైన్‌కు 380 చాలు. సిల్ మీద కుండీ జరిపినా, తాళం చెవులు పడేసినా పైన్ మీద గీత మిగులుతుంది. ఎండ తగిలే వైపు ముడుల్లోంచి బంక కూడా కారుతుంది. ముడుల మీద షెల్లాక్ (లక్క) ఆధారిత సీలర్ వేయకుండా తెల్ల రంగు వేస్తే కొన్నాళ్లకు ప్రతి ముడీ పసుపు మరకగా పైకి తేలుతుంది.

మహాగని పేరుతో అమ్మేదంతా మహాగని కాదు. ఆఫ్రికా నుంచి వచ్చే ఖాయాను ఆఫ్రికన్ మహాగని అని, షోరియా జాతి కలపను ఫిలిప్పీన్ మహాగని అని అమ్ముతారు. అవి చెడ్డ చెక్కలేమీ కావు, కానీ మహాగనికి ఉన్న నిలకడ వాటన్నింటికీ ఉందనుకోకూడదు. నిజమైన పెద్దాకు మహాగని వ్యాపారం మీద 2003 నుంచి అంతర్జాతీయ నియంత్రణ ఉంది, కాబట్టి దాని వెంట కాగితాలు ఉండాలి. అవి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇంకొక మార్గం వేడితో మార్చిన చెక్క. ఫిన్లాండ్‌లో అభివృద్ధి చేసిన పద్ధతిలో పైన్ వంటి చెక్కను ఆవిరిలో 190 నుంచి 212 డిగ్రీల వరకు వేడి చేస్తారు. తేమను పీల్చుకునే గుణం బాగా తగ్గి కదలిక దాదాపు సగానికి పడిపోతుంది, రంగు ముదురు గోధుమకు మారుతుంది. దానికి బదులుగా చెక్క పెళుసవుతుంది. అంచుల దగ్గర ముందుగా రంధ్రం వేయకుండా స్క్రూ ఎక్కిస్తే చీలుతుంది. తరచూ చెమ్మ పట్టే కిటికీకి ఇది మంచి ఎంపికే. పిల్లలు ఎక్కి కూర్చునే సిల్‌కు మాత్రం అంత మంచిది కాదు.

అతికించిన పలకలు

సన్నటి చెక్క పట్టీలను పక్కపక్కన అతికించి, కొన్నిసార్లు చివరలను వేళ్లు అల్లినట్టు ఫింగర్ జాయింట్‌తో కలిపి చేసే పలకలు ఇప్పుడు చాలా చోట్ల దొరుకుతాయి. వీటి గురించి ఒక అపోహ ఉంది. అతికించడం వల్ల చెక్క కదలిక పోతుందని అనుకుంటారు. వెడల్పు మీద ఉబ్బడం, తగ్గడం దాదాపు అంతే ఉంటుంది. తగ్గేది పలక దోనెలా వంగడం. పట్టీల్లో వలయాల దిశ ఒక్కొక్కదానిలో ఒక్కో తీరుగా ఉండడం వల్ల ఒకదాని వంపును మరొకటి ఆపుతుంది. వెడల్పాటి సిల్‌కు నిజమైన చెక్క రూపం కావాలనుకునేవారికి నా మొదటి సలహా ఇదే, అయితే కదలికకు చోటు వదలాలి. పట్టీలు 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పుకు మించని పలకను ఎంచుకోండి. జిగురు నీటిని తట్టుకునేదేనా అని అడగండి. ఫింగర్ జాయింట్ గీతలు నారను మధ్యమధ్య తెంచినట్టు కనిపిస్తాయి. పాలిష్ వేసే పలకకు అది నచ్చకపోతే చివర నుంచి చివర వరకు ఒకే పట్టీగా సాగే రకాన్ని అడగాలి. రంగు వేసేటట్లయితే అదనంగా ఖర్చు పెట్టనవసరం లేదు.

ప్లైవుడ్, ఎండీఎఫ్

లోతైన పక్క పలకలకు ప్లైవుడ్‌ను మించినది నాకు కనిపించదు. వంగదు, చీలదు, అంచుకు దగ్గరగా కూడా స్క్రూను బాగా పడుతుంది. కిటికీ పక్కలు గదిలోకి ఏటవాలుగా తెరుచుకునే ఇళ్లలో పలకను రెండు కోణాల్లో కోయవలసి వస్తుంది. ఆ పని ప్లైవుడ్‌తో చాలా సులువు. చూడవలసింది జిగురు. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసినది పొడి గదికి మాత్రమే. చెమ్మ అనుమానం ఉన్న చోట ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసిన రకమే తీసుకోవాలి. అంచును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి: పొరల మధ్య నల్లటి ఖాళీలు కనిపిస్తే, పైన ఎంత అందమైన వెనీర్ (పల్చటి చెక్క పొర) ఉన్నా ఆ పలకను వదిలేయండి. ఆ ఖాళీ దగ్గరే స్క్రూ వదులవుతుంది, ఆ ఖాళీలోకే చెమ్మ చేరుతుంది.

ప్లైవుడ్ కనిపించే అంచుకు అదే జాతి సాలిడ్ చెక్క పట్టీని 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందంలో అతికించాలి. కాగితంలా పల్చటి వెనీర్ పట్టీ కొన్నాళ్లకు చేతి రాపిడికి లేస్తుంది. సిల్‌కు ప్లైవుడ్ వాడితే ముందు అంచుకు 20 మిల్లీమీటర్లకు తగ్గని పట్టీ వేయించి, పైమూలను కనీసం 3 మిల్లీమీటర్ల వంపుతో గుండ్రం చేయించండి. పదునైన మూల మీద పాలిష్ పల్చబడి మొదట అక్కడే చెదురుతుంది.

ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలక, మీద రంగు నిలిచే తీరు వేరే ఏ పలక మీదా రాదు. నార లేదు, ముడి లేదు, గీత లేదు. పొడి గదిలో, రంగు వేసే పక్క పలకలకు, పై పలకకు అది న్యాయమైన ఎంపిక. కానీ దాని కోత అంచు నీటిని స్పాంజిలా పీలుస్తుంది, ఒకసారి ఉబ్బితే ఆరిన తరువాత కూడా పూర్వపు మందానికి రాదు. తేమను తట్టుకునే రకం, చాలా చోట్ల ఆకుపచ్చ ఛాయతో గుర్తుపట్టేది, కొంత మేలు. అయితే తేమను తట్టుకోవడం వేరు, నీళ్లలో నిలవడం వేరు, ఈ రకం మొదటిదానికి మాత్రమే. అంచులో స్క్రూ దించితే పొరలుగా విడిపోతుంది కాబట్టి వెనుక నుంచి జిగురుతో, ముఖంలోంచి స్క్రూతో బిగించాలి. ఎండీఎఫ్ అయినా ప్లైవుడ్ అయినా జిగురులోంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ వాయువు తక్కువగా ఉండే ఈ1 లేదా అంతకంటే మెరుగైన తరగతిదే కొనండి. కిటికీ పలకలు ఎండకు వేడెక్కేవి, వేడిలో ఆ వాయువు విడుదల పెరుగుతుంది.

చెక్క తునకలను జిగురుతో ఒత్తి చేసే పార్టికల్ బోర్డు సిల్‌గా వద్దు. పైన లామినేట్ ఉన్నా అంచులోంచి చెమ్మ దారి వెతుక్కుంటుంది. చెక్కపొడి కలిపిన పీవీసీ ఫోమ్ బోర్డు నీటికి భయపడదు, చెదకూ భయపడదు. అయితే అది తేమకు కాక వేడికి సాగుతుంది. 2 మీటర్ల పొడవున్న పలక 30 డిగ్రీల తేడాకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా సాగవచ్చు. ఎండ నేరుగా పడే పొడవైన సిల్‌కు ముదురు రంగు వేయకుండా, రెండు చివరలా చోటు వదిలి బిగిస్తేనే అది నిలుస్తుంది. స్నానాల గది కిటికీకి మాత్రం దానిని నిస్సంకోచంగా వాడవచ్చు.

ఎండ, పూత

అద్దం అతినీలలోహిత కిరణాలలో కొంత భాగాన్నే ఆపుతుంది, కాబట్టి కిటికీ దగ్గరి చెక్క రంగు మారక తప్పదు. పైన్ పసుపుకు తిరుగుతుంది, ఓక్ తేనె రంగుకు ముదురుతుంది, వాల్‌నట్ వెలిసిపోతుంది. తాజాగా కోసిన టేకులో చారలు చారలుగా ఉన్న రంగు ఎండకు సమానమైన బంగారు గోధుమలోకి కుదురుతుంది. మొదటి కొన్ని నెలలు సిల్ మీద ఏ వస్తువునూ ఒకేచోట ఉంచకపోతే దాని నీడ చెక్క మీద అచ్చు పడదు.

పాలీయురిథేన్ పొర నీటిని బాగా ఆపుతుంది, కానీ ఒకచోట పగిలిందంటే మొత్తం గీకి మళ్లీ వేయాలి. నూనె, మైనం కలిసిన పూత నీటిని అంతగా ఆపదు, అయితే మరక పడిన చోట మాత్రమే రుద్ది మళ్లీ పూయవచ్చు. రోజూ వాడే సిల్‌కు, ఏడాదికోసారి గుడ్డ పట్టుకునే ఓపిక ఉన్నవారికి రెండోదే మేలని నా నమ్మకం. ఏది వేసినా పలక ఆరు ముఖాలకూ వేయాలి. పైముఖానికి మాత్రమే వేసి వెనుక వదిలేస్తే రెండు వైపులా తేమ వేర్వేరు వేగాలతో మారి పలక వంగుతుంది. నిజానికి వంగిన సిల్‌లలో చాలావాటికి కారణం చెక్క జాతి కాదు, వెనుక పూత లేకపోవడమే.

బిగించే తీరు ఎంపికను మార్చే చోటు

మంచి పలకను తప్పుగా బిగిస్తే చవక పలక కంటే ముందే పాడవుతుంది. వెడల్పాటి సాలిడ్ చెక్కను రెండు అంచులా గట్టిగా బిగించకూడదు. చట్రంలో తీసిన గాడిలోకి వెనుక అంచును వదులుగా దూర్చి, ముందు అంచును మాత్రమే స్థిరపరిస్తే కదలిక గాడిలోనే జరిగిపోతుంది. వడ్రంగి గాడి తీయడానికి ఒప్పుకోకపోతే సాలిడ్ చెక్క ఆలోచన మాని ప్లైవుడ్‌కు వెళ్లడమే మంచిది. పలక వెనుక ఖాళీని నింపే ఫోమ్ తక్కువగా ఉబ్బే రకం కావాలి. మామూలు ఫోమ్ 12 మిల్లీమీటర్ల పలకను లోపలికి నెట్టి ఉబ్బెత్తు చేయగలదు, ఆ తరువాత సరిచేయడానికి పలకను తీయడం తప్ప దారి ఉండదు. పక్క పలకలకు 12 నుంచి 18, సిల్‌కు 25 నుంచి 32 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది.

కిటికీ కింద గదిని వేడి చేసే రేడియేటర్ ఉంటే సిల్ దాన్ని పూర్తిగా కప్పేలా ముందుకు రాకూడదు. పైకి లేచే వెచ్చని గాలి అద్దాన్ని తాకకపోతే చెమ్మ పెరుగుతుంది. అలాంటి చోట కింది నుంచి నిరంతరం వేడి తగులుతుంది కనుక బీచ్, వెడల్పాటి ఓక్ రెండూ వద్దు. ప్లైవుడ్ మీద మందపాటి వెనీర్, లేదా పట్టీలు అతికించిన టేకు మేలు.

పొడిగా ఉండే పడకగది, కూర్చునే గది కిటికీలకు నేను సూచించే అమరిక ఇది: సిల్‌కు పట్టీలు అతికించిన టేకు లేదా ఓక్, పక్కలకు, పైభాగానికి అదే జాతి వెనీర్ ఉన్న ప్లైవుడ్. వెనీర్, సిల్ పట్టీలు రెండింటి నమూనాలూ పక్కపక్కన పెట్టి, పూత వేసి, పగటి వెలుగులో చూసి ఒప్పుకోండి. రంగు వేసే ఇంట్లో పక్కలకు తేమను తట్టుకునే ఎండీఎఫ్, సిల్‌కు రంగు వేసిన ప్లైవుడ్ చాలు. వంటగదిలో సింకు మీద ఉన్న కిటికీకి సిల్‌ను చెక్కతో వేయాలన్న కోరికే ఉంటే టేకు చేవ ఒక్కటే నిలుస్తుంది, లేదంటే రాయి లేదా టైల్ వేసి పక్కలకు చెక్క ఉంచుకోవడం తెలివైన పని.

ఏ అమరిక అయినా పక్క పలకల కింది అంచును సిల్ మీద ఆనించి పెట్టవద్దని వడ్రంగికి ముందే చెప్పండి. అక్కడ 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు వదిలి, కింది అంచుకు పూత రెండు సార్లు వేయించి, సందును సాగే సీలెంట్‌తో నింపించాలి. సిల్ మీద జారిన నీరు ముందుగా ఎక్కేది ఆ అంచులోకే. ఆ సందు ఉంటే, సిల్ ఏనాడైనా పాడైనప్పుడు సీలెంట్ కోసి దాన్నొక్కదాన్నే ముందుకు లాగి మార్చవచ్చు, పక్కలను కదిలించనవసరం లేదు.